కీర్తనల పుస్తకంలో బియ్యపు గింజలు

ఆమోసుకి మూడు నెలలుగా ఒకటే బాధ. ఏటి మధ్య లంకలోని ఆ చిన్న చర్చిలో వాక్యం చెప్పే అవకాశం ఇంకా రాలేదు. పట్నంలో వేదాంత పాఠశాల చదువు ముగించి, సేవ నేర్చుకుందామని నతానియేలు అయ్యగారి దగ్గరికి వచ్చాడు. అయ్యగారేమో బెంచీలు తుడవమంటారు, ముసలివాళ్ళకి మందులు తెచ్చిపెట్టమంటారు.

ఒక శనివారం పొద్దున ఉండబట్టలేక అడిగేశాడు.

"అయ్యగారూ, ఆకలి దేవుడు రాసిన రాత కాదు, మనుషులు చేసిన ఏర్పాటు. విశ్వాసమంటే పోరాటం. ఈ మాట మన సంఘానికి ఎవరు చెబుతారు? నన్ను చెప్పనివ్వండి."

"రేపు నువ్వే చెప్పు," అన్నారు అయ్యగారు. "ఈలోగా బియ్యం సంచి తిప్పుకురా."

ఆ సంఘంలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి, దేవుడి పేరున వేరే కుండలో వేస్తారు. శనివారం నాడు ఆ బియ్యం సంచిలోకి వస్తుంది. భార్య పోయిన అయ్యగారికీ, ఆమోసుకీ వారమంతా అదే తిండి.

"సంచి నిండాక కాలవగట్టు మీద రూతమ్మ ఇంట్లో దించేసిరా. ఆమె పెనిమిటి కాలు విరిగి మంచంలో ఉన్నాడు. ముగ్గురు పిల్లలు."

"మొత్తమా?"

"సగం అన్నానా?"

చర్చికి మైకులు కొనిచ్చి రాతిపలక మీద పేర్లు చెక్కించుకున్న పెద్దలు ఒక్కరూ ఆ గట్టు వైపు వెళ్ళలేదు. ఆమోసు దారి పొడవునా వాళ్ళ మీద మండిపడ్డాడు. రూతమ్మ గుమ్మం దగ్గరికొచ్చేసరికి మాత్రం డెబ్బై ఏళ్ళ అయ్యగారు గుర్తొచ్చారు. రేపు ఆయనేం తింటారు? తన కడుపు కూడా గుర్తొచ్చింది గాని ఆ సంగతి తనకి తాను చెప్పుకోలేదు. భుజం మీది తువ్వాలులో నాలుగు దోసిళ్ళు మూటకట్టుకుని, మిగతా సంచి దించేశాడు. ఇంటికొచ్చి ఆ మూటని చర్చి కీర్తనల పుస్తకాలుండే పెట్టెలో దాచాడు.

ఆదివారం నిజంగానే బాగా చెప్పాడు.

"రేపటికని దాచుకునేవాడు దేవుణ్ణి శంకించేవాడే," అన్నాడు బల్ల గుద్ది. వెనక బెంచీల్లోంచి ఆమెన్ వినబడింది. ముందు బెంచీలో ఒక ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది.

పాట కోసం అయ్యగారు పుస్తకం తెరిచారు. పేజీల మధ్యనుంచి నాలుగు బియ్యపు గింజలు జారాయి. ఆయన వాటిని ఏరి చొక్కా జేబులో వేసుకుని, శ్రుతి తప్పకుండా పాట ఎత్తుకున్నారు. ఆమోసు అప్పుడు చెమట తుడుచుకుంటున్నాడు, చూడలేదు.

ఇంటికొచ్చేసరికి పొయ్యి రాజలేదు. అయ్యగారు రెండు కంచాలు కడిగి, గ్లాసుల్లో నీళ్ళు పోసుకుని కూర్చున్నారు.

"అన్నం, అయ్యగారూ?"

"దేవుడు చూసుకుంటాడని ఇందాక నువ్వే చెప్పావుగా. నాకు బాగా నచ్చింది. కూర్చో."

కూర్చున్నాడు. అయ్యగారు జేబులోంచి నాలుగు గింజలు తీసి ఆమోసు కంచంలో వేశారు.

"ఇవి నీవే అనుకుంటా."

ఆమోసు లేచి వెళ్ళి మూట తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"మీ కోసమే, అయ్యగారూ. ఈ వయసులో మీరు పస్తుంటే..."

"మంచివాడివి. దేవుడికి మన ఇల్లు గుర్తుండదేమో అనుకున్నావు."

గుమ్మంలో అలికిడయింది. రూతమ్మ. చేతిలో మూతపెట్టిన గిన్నె.

"చిన్నయ్యగారు సంచి మా ఇంట్లోనే దించేశారు కదండీ. నిన్న సాయంత్రం వండాను, ఈ పొద్దున వండాను. రెండు పిడికిళ్ళు తీశాను. శనివారం దాకా కుండలో ఉంచితే మీరేం తింటారని వండి తెచ్చేశానండి. కాలవ చేపల పులుసు కూడా ఉంది. ఇద్దరికీ కాస్త తక్కువవుతుందేమో."

"పిల్లలు తిన్నారా?"

"తిని గట్టు మీద గంతులేస్తున్నారండి."

ఆమోసు మెల్లగా అడిగాడు. "మీకే లేనప్పుడు కూడా తీశారా అమ్మా?"

రూతమ్మకి ప్రశ్న అర్థం కాలేదు.

"తియ్యకుండా ఎలా వండుతారండి?"

ఆమోసు తన కంచంలోని నాలుగు గింజలూ ఏరి మూటలో వేశాడు. అయ్యగారు అన్నం సమంగా పంచారు. ఇద్దరూ వేళ్ళు నాకేదాకా తిన్నారు. ఆమోసు గిన్నె కడిగి, మూట భుజాన వేసుకుని రూతమ్మ వెనకే బయల్దేరాడు.

అయ్యగారు గుమ్మంలోంచి పిలిచారు.

"ఆమోసూ, ఆ ప్రసంగం కాగితాలు పారెయ్యకు. వచ్చే ఆదివారం మళ్ళీ చెబుదువుగాని."

"మళ్ళీ అదేనా, అయ్యగారూ?"

"అదే. ఈసారి నువ్వూ విను."