బొటనవేలికి లొంగని పండు

అనగనగా ఏటి మధ్యన ఒక లంక ఊళ్ళో రాజుగారి మామిడితోట. ఆ తోటను చూసుకునేది సింగమ్మ. ఆవిడకో కోడలు, పేరు వరహాలు. కాపురానికొస్తూ పుట్టింటి నుంచి ఒక టెంక కొంగున కట్టుకొచ్చి తోట మూల నాటింది.

రాజుగారి కూతురేమో కొండల అవతల కాపురం. ఆ పిల్లకి వేవిళ్ళు. పుట్టింటి మామిడిపండు తప్ప ఇంకేదీ నోట పెట్టనని భీష్మించుకుంది. పంపితే ఏం లాభం? బండి కొండ దాటేసరికి బుట్ట నిండా గుజ్జే, గుజ్జు నిండా ఈగలే. ఊ అనరేం? నిద్రపోయారా?

ఆ ఏడు వరహాలు చెట్టు తొలికాపు కాసింది. పూత పిందెయింది, పిందె కాయయింది, కాయ గడ్డిలో మాగింది. పసుపు తిరిగింది, గదంతా ఘుమఘుమ. కానీ మెత్తబడలేదు. సింగమ్మకి బొటనవేలే కొలత. వేలు దిగితే పండు, దిగకపోతే కాయ. నొక్కింది, దిగలేదు. ఇంకా గడ్డి కప్పమంది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ దిగలేదు.

"మీ పుట్టింటి చెట్టూ నీలాగే మొండిదే! రేపు కొట్టించి పొయ్యిలో పెడతా," అంది.

వరహాలు ఏడవలేదు. కత్తిపీట ముందేసుకుని ఒక పండు కోసింది. చుక్క రసం కారలేదు. ఒక ముక్క అత్త నోట్లో పెట్టింది.

సింగమ్మ నమిలి చూసింది. ఇంకో ముక్కకి చెయ్యి చాపింది. ఆఖరికి టెంక కూడా చీకేసింది!

అప్పుడు వరహాలు చెప్పింది. పండు లోపల పనివాళ్ళుంటారట. రంగు పూసేవాడొకడు, తీపి పోసేవాడొకడు, వాసన చల్లేవాడొకడు, లోపలి గోడలు సడలించి మెత్తబరిచేవాడొకడు. వాళ్ళు గడ్డిలోంచి రారు, చెట్టు పుట్టుకలోనే వస్తారు. ఈ చెట్టులో గోడలవాడు మాత్రం పుట్టు నిద్రమొహం, అంతే. ఒరేయ్, నీకు తాతయ్య చెవులు రాలేదూ? అలాగే.

ఆ పండ్లు బండెక్కాయి, కొండెక్కాయి, రాజుగారి కూతురి ఒళ్ళోకి చెక్కు చెదరకుండా చేరాయి. ఆ పిల్ల కడుపారా తింది.

రాజుగారు పొంగిపోయి, టెంకలన్నీ నాటించమన్నారు. వరహాలు తల ఊపలేదు.

"వద్దు మహారాజా. టెంక బిడ్డలాంటిది, ఎవరి పోలిక వస్తుందో చెప్పలేం. కొమ్మ తీసి అంటు కట్టిస్తే తల్లి గుణమే వస్తుంది," అంది.

అలాగే కట్టించారు. తోట సగం ఆ చెట్టే అయింది. వచ్చినవాళ్ళందరికీ సింగమ్మ మెడ నిక్కించి చెప్పేది: "మా కోడలి పుట్టింటి చెట్టు! నొక్కకండి, కోసుకు తినండి."

విన్నారుగా? పండునైనా మనిషినైనా ఒక్క వేలితో నొక్కి తీర్పు చెప్పేయకూడదు. కథ కంచి బండెక్కింది, మనం పక్కెక్కాం. కళ్ళు మూసుకోండి.