బొచ్చయ్య గుమ్మడిపాదు

నల్లవాగు అడవిలో కుందేళ్లు, ఉడతలు, తేనెటీగలు, ఎలుగుబంట్లు కలిసిమెలిసి ఉండేవి. కలిసిమెలిసి అంటే, ఎలుగుబంటి బొచ్చయ్య నిద్రపోతున్నంతసేపూ అన్నమాట.

వసంతం వచ్చింది. మోడులన్నీ చిగురించాయి. గంతులమ్మ అనే కుందేలుకి కాలు ఒకచోట నిలవలేదు. పోయిన ఎండాకాలం గడ్డి మాడిపోయి దాని పిల్లలు పస్తులున్నాయి. ఈసారి అలా జరగకూడదు. అందుకే బొరియ ముందు మట్టి గుల్ల చేసి, గుమ్మడి గింజలు నాటింది.

"పిల్లలూ, ఈ ఎండాకాలం మనకి గుమ్మడికాయలే గుమ్మడికాయలు!" అంది.

అది విని పక్కనే ఉన్న బొచ్చయ్య కూడా పాదు పెట్టాడు. "నా పాదు ముందు నీదెంత!" అన్నాడు.

తీగలు పాకాయి. పసుపుపచ్చటి పూలు విచ్చాయి. తేనెటీగలు బిలబిలా వచ్చాయి. బొచ్చయ్య కొమ్మ పట్టుకుని వాటిని తరిమాడు. "నా పూలలో తేనె దోచుకుపోతారా, దొంగల్లారా!" అని తిట్టాడు. అడవిలోని తేనెపట్టులన్నీ కొల్లగొట్టేది తనేనన్న సంగతి మరిచిపోయాడు.

ఒకనాడు పొద్దున్నే బొచ్చయ్య తీగకి గోలీ అంత పిందె కనబడింది. గంతులమ్మ ఉబ్బితబ్బిబ్బైపోయింది.

"మామా! అదిగో పిందె! అదిగో ఇంకోటి!" అని వేలు చూపించింది.

"వేలు ముడుచుకో!" అని గావుకేక పెట్టాడు బొచ్చయ్య. "పిందెకి వేలు చూపిస్తే రాలిపోతుందని తెలీదా?"

కొన్నాళ్లకి ఆ పిందెలు నిజంగానే రాలిపోయాయి. గంతులమ్మ ప్రాణం ఉసూరుమంది. తప్పంతా తన వేలిదే అనుకుంది. అప్పటినుంచీ పాదు దగ్గరికి చేతులు వెనక్కి కట్టుకునే వెళ్లేది. పిల్లల చేతులకి ఆకులు చుట్టింది. బొచ్చయ్యేమో దిష్టి తగలకుండా ప్రతి పువ్వుకీ టేకాకు ముసుగు కట్టాడు.

ఒక ఉదయం గంతులమ్మ చిన్నకూతురు చేతికున్న ఆకు విప్పేసుకుని, తమ పిందెకేసి వేలు చాపింది. "అమ్మా, ఎంత ముద్దుగా ఉందో!"

గంతులమ్మ గుండె ఝల్లుమంది. రోజూ బిక్కుబిక్కుమంటూ ఆ పిందెనే చూసింది. అది రాలలేదు సరికదా, రోజురోజుకీ లావెక్కింది! గంతులమ్మ ఇంకా దగ్గరగా కూర్చుని పూలని గమనించింది. ఒక తేనెటీగ ఒళ్లంతా పుప్పొడి పూసుకుని ఒక పువ్వులోంచి లేచి, పిందె ఉన్న పువ్వులో దూరింది. అలా దూరిన చోటల్లా పిందె నిలిచింది.

గంతులమ్మ ఒక్క పరుగున వెళ్లింది. "మామా, తప్పు నా వేలిది కాదు! ముసుగులు తీసెయ్! తేనెటీగల్ని రానియ్!"

"చెవులు తప్ప ఏముంది నీకు? నాకు చెప్పొచ్చావా!" అని కసిరాడు బొచ్చయ్య. ముసుగులు ఇంకా గట్టిగా బిగించాడు.

ఎండలు ముదిరాయి. గడ్డి మాడిపోయింది. బొచ్చయ్య పాదు నిండా ఆకులే మిగిలాయి. గంతులమ్మ వాకిట్లో మాత్రం ఎటు చూసినా గుమ్మడికాయలే. పిల్లలు వాటిమీదెక్కి గెంతుతుంటే దానికి ఆనందం పట్టలేకపోయింది.

చివరికి బొచ్చయ్య తల వంచుకుని వచ్చాడు. ఆకలితో కడుపు వీపుకి అంటుకుపోయింది. కాయలకేసి చూస్తూ, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

గంతులమ్మకి నవ్వొచ్చింది, జాలీ వేసింది.

"ఏ కాయ కావాలో వేలు చూపించు మామా," అంది. "రాలిపోదులే."

నీతి: తన తప్పు చూసుకోకుండా ఎదుటివాళ్ల మీద నెపం వేసేవాడి పాదుకి కాయ నిలవదు.