పలక దాటిన ఒకటి

విరూపాక్ష సోమయాజులుగారిని ఏమడిగినా నోటితో జవాబు రాదు. ఇసుకపలక ముందుకు తోస్తారు, అంతే. ధర్మసందేహమైనా, కడుపునొప్పికి మందైనా, ముందు లెక్క కట్టాల్సిందే. ఆ సంగతి తెలిసి కూడా శిష్యుడు ముకుందయ్య ఆ సాయంత్రం ఆయన దగ్గరికే వెళ్ళాడు. వేరే దిక్కు లేదు మరి.

"గురువుగారూ, మా అమ్మాయి నీలవేణి జ్వరంతో పోయి ఆరు నెలలైంది. మా ఆవిడ ఇంకా దాన్ని పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. సందెవేళ ఎదురుగా ఎవరూ లేకుండానే జడ అల్లుతోంది. చూస్తే గుండె ఆగిపోతోందండీ. పిల్ల గుడ్డలన్నీ ఏట్లో కలిపేసి, ఇకమీదట ఇంట్లో ఆ పేరెత్తకుండా ఒట్టు వేయించుకుందామనుకుంటున్నాను. అప్పుడైనా మనిషి నాకు దక్కుతుందా?"

సోమయాజులుగారు పద్దెనిమిది గళ్ళ పలక తోసి, వేలితో రాశారు: 105263157894736842.

"దీన్ని రెట్టింపు చెయ్యి. వచ్చినదాన్ని మళ్ళీ రెట్టింపు చెయ్యి. నేను ఆపమనేదాకా చేస్తూనే ఉండు."

ముకుందయ్యకు ఒళ్ళు మండింది. అయినా కూర్చున్నాడు. పాత అంకె చెరిపి ఆ గడిలోనే కొత్తది రాయడం వాళ్ళ పద్ధతి. రాయడం అయ్యాక చూస్తే 210526315789473684. చివరనున్న రెండు లేచి ముందుకొచ్చి కూర్చుంది! తక్కినవన్నీ వరస చెడకుండా ఒక్కో గడి కుడికి జరిగాయి. మళ్ళీ చేస్తే నాలుగు లేచొచ్చింది. ఆపైన ఎనిమిది. రాస్తున్నది తన వేలే. అయినా వెనక నుంచి ఎవరో నెడుతున్నట్టుంది.

ఆ తర్వాత గళ్ళు చాల్లేదు. ఎడమ చివర ఒక ఒకటి పలక దాటి బయటపడింది. గడి లేని అంకెతో పనేమిటని అరచేత్తో తుడిచేశాడు. మరుసారీ ఒకటి బయటపడితే దాన్నీ తుడిచేశాడు. ఇంకోసారి రెట్టించాడు. 736842105263157888.

చివర మూడు ఎనిమిదులు, మూడూ ఒకదాన్నొకటి ఆనుకుని. ఇందాకటిదాకా ఉన్న ఒక్కగానొక్క తొమ్మిది ఎక్కడా లేదు. పలక కింద కూడా చూశాడు, పిచ్చివాడిలా.

"తొమ్మిదిని నేను ముట్టుకోలేదండీ!" అన్నాడు.

"మొదటినుంచి చెయ్యి. ఈసారి బయటపడ్డ ఒకటిని తుడవకు. తెచ్చి చివరి అంకెకు కలుపు."

అలాగే చేశాడు. 736842105263157894. తొమ్మిది దాని చోట అది ఉంది. పద్దెనిమిదీ ఉన్నాయి, వరస మారకుండా. ముకుందయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భయమూ పోలేదు.

"అయితే ఇంట్లో..." అని ఆగిపోయాడు.

సోమయాజులుగారు ఇసుకను మెల్లగా చదును చేశారు.

"ఇందాక నువ్వు తుడిచింది బయటపడ్డదాన్నే నాయనా. పోయింది మాత్రం లోపలున్నది."