మూడు రంగులు పట్టిన తాడు

ఆ ఊళ్ళో పెళ్ళికి తాళి లేదు, తాడుంది. వధూవరులు కళ్ళు మూసుకుని దాన్ని చిక్కుచేస్తారు. పెద్దలు రెండు కొసలూ కలిపి పేనేస్తారు. కొయ్యకుండా ఆ చిక్కు తీసి మెలికలేని వట్టి చుట్టగా చేయగలిగినవాళ్ళు కాపురం వదిలి వెళ్ళొచ్చు. చేయలేనివాళ్ళు ఉండాలి. ఈ కట్టుబాటు పెట్టినవాళ్ళెవరూ తాడు విప్పి చూడలేదు, తీరిక లేక.

నేతగాడి భార్య ఏడేళ్ళుగా తన తాడు విప్పుతోంది. నేతగాడు చెడ్డవాడు కాడు. మగ్గంతో మాట్లాడినంత కూడా ఆమెతో మాట్లాడలేదు, అంతే.

ఆమె తాడుకు ఉన్నవి మూడే మెలికలు.

"మూడు కూడా విప్పలేవుటే?" అనేది కుమ్మరత్త. ఆవిడ తాడు ఎలకలు కొట్టేసి పదేళ్ళయింది.

"ఓపిక పట్టాలమ్మా," అనేవాడు పూజారి. ఆయనకు పెళ్ళి కాలేదు.

ఊరిపెద్ద తాడుకు నలభై మెలికలు. ఏటా జాతరలో దాన్ని ఎత్తి చూపించి "కాపురమంటే ఇదీ!" అనేవాడు. భార్య పక్కన నిలబడి ఆవలించేది.

ఒకనాడు అద్దకంవాడొకడు ఊళ్ళోకి వచ్చాడు. నేతగాడి భార్య తాడు తీసుకుని చావడి అరుగు మీద పరిచాడు.

"తాడు కిందికి దూరినచోట రంగు మార్చొచ్చు. కానీ ప్రతి మెలిక దగ్గరా మూడు రంగులూ కలవాలి, లేదా ఒక్కటే ఉండాలి. రెండే కలిస్తే తప్పు," అన్నాడు.

పసుపు, ఎరుపు, నీలం పూశాడు. మూడు మెలికల దగ్గరా మూడూ కలిశాయి. కడిగేసి, కుదిపి, ఇంకో పది మెలికలు పెట్టి మళ్ళీ పూశాడు. మళ్ళీ మూడూ పట్టాయి.

"వట్టి చుట్టను ఎంత మెలిపెట్టినా ఒక్క రంగే పడుతుందమ్మా. దీనికి మూడూ పడుతున్నాయి. ఇది ఎవరు కూర్చుని విప్పినా విడిపోదు."

ఆమె తన వేళ్ళు చూసుకుంది.

"అయితే తప్పు నా వేళ్ళది కాదా?"

"కాదు."

ఊరిపెద్ద సంతోషించాడు. "తేలిపోయింది. విడిపోదు కనక ఉండాల్సిందే. మాదీ చూడు."

ఆ తాడుకు మధ్యాహ్నమంతా పట్టింది. చివరికి అద్దకంవాడు చేతులు దులుపుకున్నాడు. "ఒక్క రంగు తప్ప పట్టడంలేదు."

"అంటే విడిపోతుందా?"

"అది నేను చెప్పలేను. ఒక్క రంగే పట్టినా విడిపోకుండా నా రంగులను మోసంచేసే ముళ్ళు కూడా ఉన్నాయి."

"విడిపోతుంది," అంది ఊరిపెద్ద భార్య. తాడు అందుకుని రెండుచోట్ల తిప్పి ఒకచోట లాగింది. వట్టి చుట్ట ఆమె చేతిలో మిగిలింది. "పెళ్ళయిన మూడో వారమే విప్పాను. ఏడాదంతా బిందె కింద చుట్టకుదురు ఇదే. జాతర ముందురోజు మళ్ళీ చిక్కుచేస్తాను."

ఊరిపెద్ద వంటింటివైపు ఎన్నడూ వెళ్ళినవాడు కాడు. "మరి వెళ్ళిపోలేదేం?"

"ఎప్పుడైనా వెళ్ళొచ్చని తెలిశాక తొందరేముందండీ?"

నేతగాడి భార్య ఈ మాట విని లేచింది. తన తాడు అరుగు మీదే వదిలేసి, పొలిమేరవైపు నడిచింది. కట్టుబాటు ప్రకారం ఎవరో ఒకరు ఆపాలి. అందరూ ఆ వట్టి చుట్ట వంకే చూస్తున్నారు.

ఆ సాయంత్రం ఊళ్ళో ఇంటింటా అటక మీది తాళ్ళు కిందికి దిగాయి.

నేతగాడు చావడికి వచ్చి, అరుగు మీది తాడును మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నాడు. విడిపోదని అందరూ చెప్పారు. అతను ఇంకా ఆ మూడు మెలికలూ విప్పుతూనే ఉన్నాడు. మగ్గం ఖాళీగా ఉంది. రంగు మాత్రం వేళ్ళకు బాగా పట్టిందట.