సగం సున్నం దిబ్బ

ఏటి ఒడ్డున బస్సు దిగిన యాత్రికులకు ముందుగా కనిపించేది బోడి కొండ, దాని మీద ఇటుకల స్తూపం. తూర్పు వైపు పాత సున్నం ఇంకా తెల్లగా అంటిపెట్టుకుని ఉంటుంది. పడమర వైపు వట్టి ఇటుకే. పూత సగంలో ఆపి ఎవరో వెళ్లిపోయారని కొత్తవారు అనుకుంటారు. ఆపిన మాట నిజమే. వెళ్లిపోవడం మాత్రం జరగలేదు.

పూర్వం ఇక్కడ మద్ది, చండ్ర, రేల చెట్లతో దట్టమైన అడవి ఉండేది. స్తూపం పనులు చూసే భిక్షువు పేరు చందముఖుడు. బుద్ధుని అస్థిధాతువు ఉన్న స్తూపం పొద్దుటి ఎండలో తెల్లగా మెరవాలని ఆయన కోరిక. సున్నానికి రాయి కాలాలి, రాయి కాలడానికి కట్టె కావాలి. పుణ్యకార్యం కదా అని ఊరు ఊరంతా గొడ్డలి పట్టింది. పురుగు చస్తుందని నీళ్లు వడగట్టుకుని తాగే మహానుభావుడు, కళ్లెదుట అడవి కూలుతుంటే పట్టించుకోలేదు. ఏం చోద్యమో! తూర్పు సగం పూత అయ్యేసరికి అడవి అయిపోయింది.

ఆ ఏడు ఆషాఢ పున్నమికి భిక్షువులు వర్షావాసం పట్టారు. వానల్లో తిరిగితే లేత మొలకలు కాలి కింద నలుగుతాయని ఒకేచోట ఉండిపోయే వ్రతమది. వాన రాలేదు. వాగు ఎండింది. మేకలు కాసే నాకమ్మ, చచ్చిన మేకపిల్లను భుజాన వేసుకుని వచ్చి చందముఖుని ముందు నిలబడింది.

"ఏం తొక్కుతావని కూకున్నావు సామీ? నేల మీద ఏం మిగిల్చావని?"

ఆయన నేలంతా వెదికాడు. గడ్డిపరక లేదు. తన వ్రతం కాపాడాల్సిన మొలకే లేదని తెలిసి ఆయన గుండె చెరువైంది. మిగిలిన మోళ్లతో ఇంకా మండుతున్న సున్నపు బట్టీలను అప్పుడే ఆర్పించాడు.

"నా పాదానికి ఒక్క మొలక అడ్డం వచ్చేదాకా ఇక్కడి నుంచి లేవను తల్లీ" అన్నాడు.

"అందాకా నువ్వుండొద్దూ?" అని నాకమ్మ ఏడ్చింది.

గడువు తీరి తక్కిన భిక్షువులు వెళ్లిపోయారు. నాకమ్మ ఎక్కడినుంచో మోసుకొచ్చిన నీళ్లలో తన వాటా ఆయన నేలకే పోసేవాడు. మొలక రాలేదు. కూర్చున్నచోటే కన్నుమూశాడు. ఆ తరువాత చాలా ఏళ్లకు గానీ కొండ మీద గడ్డి లేవలేదట.

నేటికీ ఆషాఢ పున్నమినాడు భక్తులు చెప్పులు విడిచి, నేల చూస్తూ కొండ ఎక్కుతారు. దారిలో మొలక కనిపిస్తే దానికి నీళ్లు పోసి, అక్కడినుంచే స్తూపానికి దండం పెట్టి వెనుదిరగాలి. అలా ఆగిపోయినవారికే చందముఖుని దీవెన దక్కుతుందని నమ్మకం. మన తాతల కాలంలో మొదటి మలుపు దాటినవారే అరుదు. కొన్నేళ్లుగా వచ్చినవారంతా, ముసలివారితో సహా, నేల వెదుకుతూనే, ఎక్కడా ఆగకుండా పైదాకా చేరుతున్నారు.