కప్పపిట్ట కదలలేదు

కొడుకు పోయినప్పుడు దస్తగిరి కంట నీరు రాలేదు. పిల్లవాణ్ణి మట్టిలో దించి వచ్చి, కొద్దిరోజులకే కొండమీద ఫకీరులుండే తకియాలో నబీషా ఫకీరు దగ్గర శిష్యుడిగా చేరిపోయాడు. ఊరంతా అతని ఓర్పును మెచ్చుకుంది. పోనుపోను అతనికీ అది ఓర్పేననిపించింది.

ఒకనాడు కిందిపల్లె ఓబుళమ్మ తకియాకు వచ్చింది. ఆమె కూతురు జ్వరమొచ్చి పోయింది. ఫకీరు నమాజులో ఉన్నాడు. ఆమె వాకిట్లో కూలబడి ఏడుస్తూ ఉంటే దస్తగిరికి విసుగొచ్చింది. ఇచ్చినవాడే తీసుకున్నాడనీ, ఏడవడమంటే ఆయన మీద అలగడమేననీ, తనను చూసి నేర్చుకోమనీ చెప్పాడు. ఆమె చెంగుతో నోరు అదుముకుని, ఫకీరును చూడకుండానే కొండ దిగిపోయింది.

నమాజు ముగించుకుని వచ్చిన గురువుకు ఈ మాట దస్తగిరే చెప్పాడు. మెచ్చుకుంటాడనే అనుకున్నాడు. ముసలాయన పొద్దు వాలుతుంటే వెంట రమ్మని, కొండ వెనక రాతినేల వైపు నడిచాడు. తంగేడు పొదల దగ్గర ఆగాడు.

"ఆ ఎండుటాకు తీసివ్వు నాయనా."

దస్తగిరి వంగాడు. వేలు తగలబోయేంతలో ఆకుకు కళ్లు తెరుచుకున్నాయి. పెద్ద కళ్లు, నల్లనివి. కప్పకున్నంత నోరు తెరిచి బుస్సుమంది. అతను ఉలిక్కిపడి వెనక్కి తగ్గాడు. అది రెక్క విరిగినదానిలా ఈడ్చుకుంటూ నేలమీద పొర్లుకుంటూ దూరంగా పోయింది.

కప్పపిట్ట అని చెప్పాడు నబీషా. పగలంతా ఇలా నేలకు అంటుకుని ఉంటుందట. మసకపడ్డాక లేచి, చప్పుడు లేకుండా ఎగురుతూ పురుగుల్ని నోట పట్టుకుంటుందట. మేకలు పక్కనుంచే పోయినా కదలదట.

"ఎంత నిబ్బరం దానికి," అన్నాడు దస్తగిరి.

గురువు అతని చేయి పట్టుకుని, పిట్ట లేచిన చోట ఆనించాడు. గూడు లేదు, పుల్లైనా లేదు. ఉత్త నేలమీద మట్టిరంగు గుడ్లు రెండు. వెచ్చగా ఉన్నాయి.

"అది కదలనిది కింద ఏమీ లేక కాదు," అన్నాడు నబీషా.

వాళ్లు పక్కకు తప్పుకోగానే పిట్ట తిరిగొచ్చి గుడ్లమీద ఒదిగింది. చూస్తుండగానే మళ్లీ ఆకైపోయింది. నబీషా తకియాకు మరలాడు. దస్తగిరి చాలాసేపు అక్కడే నిలబడి, తర్వాత పల్లె దారి పట్టాడు.

ఓబుళమ్మ దీపమైనా పెట్టకుండా గడపలో కూర్చునుంది. అతన్ని చూసి గబగబా ముఖం తుడుచుకుంది.

"ఏడవడం లేదు సామీ," అంది.

అతను ఆమెకు ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. ఆమె లోపలికెళ్లి ముంతతో నీళ్లు తెచ్చి ముందు పెట్టింది. అతను తాగలేదు.

"మావాడి పేరు మౌలాలి తల్లీ," అన్నాడు. "అప్పుడప్పుడే నడక నేర్చాడు."