నూకాలు పొడిచిన మొదటి పోటు

ఒకప్పుడు కోళ్ళకు గింజను పొడవడమే తెలుసు గానీ సాటి కోడిని పొడవడం తెలియదు. ముక్కు ఉన్నది నూకలకూ పురుగులకూ చెదలకూ. అంతే. పక్కదాని మీదికి ముక్కెత్తాలన్న ఊహే ఏ కోడికీ పుట్టలేదు.

ఆ రోజుల్లో దొడ్లోకి కొత్త కోడి వచ్చిందంటే పండగే. ఎక్కణ్ణుంచి వచ్చావని గానీ, ఎందుకొచ్చావని గానీ అడిగేవి కావు. దానికో పద్ధతి ఉండేది. ముందు పెద్దపెట్ట కుండపెంకులో నీళ్ళు ఒక గుక్క తాగేది. అదే పెంకులో కొత్తది ఒక గుక్క తాగేది. ఆ వెనక మిగతావన్నీ వరసగా వచ్చి తాగేవి. వాటిని చుట్టరికం నీళ్ళు అనేవి. అవి తాగితే అందరూ ఒక గూటివాళ్ళే.

కొండ కింద జీడితోటల పక్కన తవిటమ్మ అనే ఆవిడ ఉండేది. ఆవిడ దొడ్డికి పెద్దపెట్ట నూకాలు. ఎర్రటి ఒళ్ళు, నల్లటి తోక, నడకలో కాస్త హోదా. దాని చెల్లెలు పైడి. నూకాలుకు తొమ్మిది పిల్లలు, పుట్టి పది రోజులయింది. తొమ్మిదోది అందరికంటే ఆఖర్న గుడ్డు పగలగొట్టుకుని వచ్చింది. అందుకని దాన్ని తొమ్మిదోది అనే పిలిచేవారు.

నూకాలు మనసు మంచిది. ఆ మంచితనాన్ని నలుగురూ మెచ్చుకోవాలని కూడా దానికి ఉండేది. ఆ ఆశ ఎవరికి ఉండదు చెప్పండి.

ఒక సంతరోజున తవిటమ్మ ఒక బొల్లిపెట్టను చంకన పెట్టుకుని వచ్చింది. పది రోజులు విడిగా ఉంచి, బాగుంటేనే కలపమని అమ్మినవాడు చెప్పాడట. ఆవిడ దాన్ని దొడ్డి చివర గంప కింద మూసి, లోపలే దానికి వేరే నీళ్ళు పెట్టి పనిలోకి వెళ్ళిపోయింది.

నూకాలుకు తిక్క పుట్టింది. తన దొడ్లోకి వచ్చిన కోడిని గంప కింద ఉంచడమా? చుట్టుపక్కల కోళ్ళు వింటే తన పెద్దరికం ఏం కావాలి? గబగబా వెళ్ళి గంప సందులోంచి లోపలికి చూసింది. బొల్లి ఒక మూలకు ముడుచుకుని కూర్చుని ఉంది.

"నన్నిక్కడే ఒగ్గీ అప్పా," అంది బొల్లి, వదిలెయ్యమని అక్కను బతిమాలినట్టు. "సంతలో నా పక్క కోడి మెడ వాల్చీసింది. నా గొంతులో కూడా ఏటో గరగరలాడతంది. నాలుగు దినాలు సూడు."

"మా దొడ్లోకొచ్చినదాన్ని ఇలాగొగ్గీసి మేం మెతుకులు తింటామేటి?" అంది నూకాలు. "గరగరే కదా. నీళ్ళు తాగితే పోద్ది."

పైడి కూడా వచ్చింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ రొమ్ములు ఆనించి తోస్తే గంప వెల్లకిలా పడింది. బొల్లి కాసేపు కదల్లేదు. పాపం, దానికి మాత్రం నలుగురిలో ఉండాలని ఉండదా? సంతకు వచ్చినప్పటినుంచీ దాన్ని పలకరించినవాళ్ళు లేరు. చివరికి తలొంచుకుని నూకాలు వెంట నడిచింది.

నూకాలు తాగింది. బొల్లి తాగింది. పైడి తాగింది. ఎనిమిది పిల్లలు పెంకు అంచు మీదికి ఎగిరెగిరి తాగాయి. తొమ్మిదోది మాత్రం ఒక వానపాము వెంట పడి వరసలోకి రానేలేదు. తల్లి పిలిచినా వినిపించుకోలేదు. నూకాలు దాన్ని విసుక్కుంది.

నాలుగో రోజుకి బొల్లి లేవలేకపోయింది. "నాను రాకుండా ఉండాల్సింది అప్పా," అన్నది దాని ఆఖరి మాట. నూకాలు దాని పక్కనే కూర్చుని, గంప తోసింది నేను కదా, నీ తప్పేముందని చెప్పింది. ఆ మాట బొల్లికి వినిపించిందో లేదో తెలియదు.

ఆ మర్నాడు పైడి తుమ్మింది. ఆ తర్వాత పిల్లలు. చిన్న చిన్న మెడలు వంకర తిరిగిపోయాయి, కాళ్ళు చచ్చుబడ్డాయి. తవిటమ్మ వెల్లుల్లీ మిరియాలూ పసుపూ నూరి ఉండలు చేసి ఒక్కోదాని నోట్లో పెట్టింది. ఏ మందూ పనిచెయ్యలేదు. రోజుకొకటి, ఒక్కోరోజు రెండు. పైడి పోయింది. ఎనిమిది పిల్లలూ పోయాయి. తవిటమ్మ వాటిని ఊరికి దూరంగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చి వచ్చింది. వచ్చి కాళ్ళు కడుక్కోవడం కూడా మరిచిపోయి గుమ్మంలో కూలబడింది.

ఇక మిగిలింది తొమ్మిదోది ఒక్కటే. అది చలాకీగానే ఉంది. నూకాలు దాన్ని రెక్క కింద పెట్టుకుని, దీన్ని ఒక్కదాన్నీ ఉంచమని కనిపించిన ప్రతి దేవుణ్ణీ అడిగింది.

ఒక పొద్దున్న నూకాలు గొంతులో గరగర మొదలయింది.

అది విని నూకాలు వెంటనే లేచి దొడ్డి చివరికి వెళ్ళిపోయింది. తొమ్మిదోది కీచుకీచుమంటూ వెనకే పరిగెత్తుకొచ్చింది. నా దగ్గరికి రాకని నూకాలు చెప్పింది. పది రోజుల పిల్ల కాస్తా ఇరవై రోజుల పిల్ల అయింది, దానికేం అర్థమవుతుంది? అమ్మ ఆడుకుంటోంది అనుకుంది. రెక్క కింద దూరబోయింది. నూకాలు రెక్కలు బిగించుకుంది. పిల్ల వీపు మీదికి ఎక్కబోయింది. నూకాలు దులపరించుకుని ఇంకా దూరం పోయింది. పిల్ల మళ్ళీ వచ్చింది. చలిగా ఉంది దానికి. అమ్మ ఎక్కడుంటే వెచ్చన అక్కడే ఉంటుంది, దానికి తెలిసిందల్లా అదే.

అప్పుడు నూకాలు ముక్కెత్తి పిల్ల నెత్తి మీద పొడిచింది.

లోకంలో ఒక కోడి ఇంకో కోడిని పొడవడం అదే మొదలు. పిల్ల నెత్తిన రక్తం చుక్క కనిపించింది. అది నిలబడిపోయి అమ్మ వంక చూసింది. ఏడవడం కూడా మరిచిపోయింది. ఒక్క అడుగు ముందుకు వేసింది. నూకాలు మళ్ళీ పొడిచింది, ఈసారి ఇంకా గట్టిగా. అంతకంటే పెద్ద బాధ నూకాలు జన్మలో పడలేదు.

తవిటమ్మ పరుగున వచ్చింది. "ఒలే, కడుపున పుట్టినదాన్నేటే?" అని పిల్లను ఒళ్ళోకి తీసుకుని ఇంట్లోకి పట్టుకుపోయింది. పొయ్యి పక్కన బుట్టలో పాతగుడ్డలు పరిచి అందులో పెంచింది. నూకాలు దూరం నుంచి ఆ పిల్ల కూత వింటూ, జబ్బుతో పడుతూ లేస్తూ గడిపింది.

చచ్చిపోతాననుకుంది గానీ నూకాలు చావలేదు. వానలు వెనకపట్టేసరికి గరగర పోయింది. ఈకలు మళ్ళీ మొలిచాయి. తవిటమ్మ గూటికి సున్నం కొట్టి, ఇంకో నెల ఆగి, అప్పుడు తొమ్మిదోదాన్ని దొడ్లోకి వదిలింది.

నూకాలు ఎంత సంబరంగా ఎదురెళ్ళిందో! పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది. నూకాలు పురుగును పట్టి కొక్కొక్కుమని పిలిచింది. పిల్ల కదల్లేదు. నూకాలు పక్కకు తప్పుకున్నాక వచ్చి తినిపోయింది. గూట్లో కూడా అది ఒక కొసన, తల్లి ఇంకో కొసన. బతికింది గానీ నాకు కాకుండా పోయింది, నన్ను క్షమించదు కాబోలు, అని నూకాలు రోజూ లోలోపల కుమిలేది.

పిల్ల పెట్టయింది. గుడ్డు పెట్టే ఈడొచ్చింది. అప్పుడు తవిటమ్మ రెండు కొత్త పెట్టల్ని తెచ్చి దొడ్డి చివర గంప కింద మూసింది. మూడో రోజున ఏదో మేక వచ్చి గంపను తన్నేసింది. కొత్తవి రెండూ బయటపడి, దప్పికతో నీళ్ళ వైపు నడిచాయి.

తొమ్మిదోది రివ్వున వెళ్ళి ఒకదాని నెత్తి మీద పొడిచింది. తర్వాత రెండోదాన్ని.

నూకాలు పరుగున వచ్చింది. "ఏటే ఆ పని? అవి నిన్నేటి సేసినాయి?" అంది.

"నువ్వు పొడవబట్టే కదమ్మా నాను బతికినాను," అంది తొమ్మిదోది. "వీటిలో ఏటుందో మనకేటి తెలుసు? కొన్నాళ్ళు దూరం ఉంటే అవీ బతుకుతాయి, మనమూ బతుకుతాం."

అంటే పిల్లకు అంతా తెలుసు. నూకాలు ఒక అడుగు దగ్గరికి జరిగింది. "అన్నీ తెలిసి, మరి నా దగ్గరికి రావేటే?"

తొమ్మిదోది చాలాసేపు కాళ్ళతో మట్టి గీకింది. "రావాలనే ఉంటాదమ్మా," అంది. "నీ ముక్కు సూస్తే భయమేత్తది."

నూకాలు వెళ్ళి కూతురికి ఒక బారెడు దూరంలో నిలబడి, కొత్తవాటిని తనూ పొడిచి వెనక్కి తరిమింది. పన్నెండు రోజులు గడిచినా వాటికి తుమ్మూ రాలేదు, దగ్గూ రాలేదు. ఒక మునిమాపు వేళ తవిటమ్మ వాటిని తెచ్చి గూట్లో వదిలింది. ఇంకో రెండు రోజులు చిన్నాచితకా పోట్లు పడ్డాయి. తర్వాత అందరూ ఒకటే గుంపు. ఆ సంగతి ఈ దొడ్డి కోళ్ళు ఆ దొడ్డి కోళ్ళకు చెప్పాయి, అవి పై ఊరి కోళ్ళకు చెప్పాయి. చుట్టరికం నీళ్ళ మాట అందరూ మరిచిపోయారు.

అప్పటినుంచే కొత్త కోడి వస్తే పాత కోళ్ళు పొడుస్తాయి. పిల్లలు కాస్త ఎదగ్గానే తల్లికోడి కూడా వాటిని పొడిచి తరిమేస్తుంది. చూసేవాళ్ళు పొగరనుకుంటారు. కానీ ఒకసారి పరీక్షగా చూడండి. పొడిచిన కోడి వెంటనే వెళ్ళిపోదు. మెడ పక్కకు వంచి, ఒంటి కంటితో, దెబ్బ తిన్నదాని వంక కాసేపు చూస్తుంది. బతికే ఉందా అని.